పళ్ళు లేని తాళంచెవి

"అందరూ మీ మీ ఇంటి తాళంచెవులు తీసి బల్లమీద పెట్టండి," అంది టీచరమ్మ.

చిన్న మాటే. ఎవరినీ బాధపెట్టాలని అన్నది కాదు. ఆసుపత్రి వెనకవైపు గదిలో పొడవాటి బల్ల చుట్టూ కుర్చీలు వేసి, మతిమరుపు మొదలై ఇంకా ముదరని పెద్దవాళ్ళకి పొద్దుటిపూట నేర్పే చదువు అది. "మీకొచ్చింది పెద్ద జబ్బు కాదు. అలాగని ఏమీ లేదని కూడా అనను. ఉన్నది జారిపోకుండా పట్టుకోవడం ఎలాగో నేర్చుకుందాం," అని మొదటిరోజే చెప్పిన పిల్ల. పిల్లే మరి, అక్కడ కూర్చున్నవాళ్ళకి మనవరాలి వయసు. అయినా అందరూ టీచరమ్మా అనే పిలుస్తారు, ఆలస్యంగా వస్తే భయపడతారు కూడా.

బల్లమీద తాళంచెవులు పడ్డాయి. లెక్కల మాస్టారు జేబులోంచి పెద్ద గుత్తి తీసి, అందరికీ వినబడేలా పెట్టాడు. అల్లికలావిడ సంచీలోంచి ఊలు ఉండ, కళ్ళజోడు, సగం తిన్న బిస్కెట్టు తీసి, ఆఖరికి తాళంచెవి కూడా తీసింది. తాళాలాయన మాత్రం చొక్కా జేబు తడుముకున్నాడు. తర్వాత పంట్లాం జేబు తడుముకున్నాడు. అక్కడ లేదని ఆయనకి తెలుసు. తెలిసే తడుముకున్నాడు.

చూడండి చోద్యం! ఊళ్ళో సగం ఇళ్ళకి తాళాలు బిగించిన మనిషి. చెవులు పోగొట్టుకున్నవాళ్ళకి కొత్తవి చేసిచ్చిన మనిషి. పేరేమిటో కూడా ఎవరూ అడగరు, చిన్నా పెద్దా అందరికీ తాళాలాయనే. అలాంటివాడి దగ్గర సొంత ఇంటి తాళంచెవి లేదు. కూతురు ఇవ్వలేదు.

"ఏమయ్యా, నీకే తాళంచెవికి కరువా?" అన్నాడు మాస్టారు, పక్కనుంచి మోచేత్తో పొడుస్తూ.

"ఇంట్లో మర్చిపోయానండీ," అన్నాడు తాళాలాయన.

ఆ గదిలో ఆ మాటకున్న మర్యాద ఇంకెక్కడా ఉండదు. అందరూ అయ్యో అన్నట్టు తలూపారు. అల్లికలావిడ బిస్కెట్టులో సగం విరిచి ఇచ్చింది. మతిమరుపు వచ్చినప్పటినుంచీ అది ఆయనకి అక్కరకి రావడం అదే మొదటిసారి.

"ఇంటికెళ్ళగానే తాళంచెవికి ఒక్కటే చోటు పెట్టండి," అంది టీచరమ్మ. "ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ అని కాదు. పెట్టేటప్పుడు పైకి చెప్పండి, పెట్టాను అని. మనసులో అనుకుంటే చాలదు, మీ చెవిన పడాలి. పనులన్నీ అంతే. చేస్తూ చెప్పండి, చెబుతూ చెయ్యండి."

"ఇంట్లోవాళ్ళు పిచ్చెక్కిందనుకుంటారు," అన్నాడు మాస్టారు.

"ఇప్పుడు కొత్తగా అనుకునేదేముంది?" అంది అల్లికలావిడ. గదంతా గొల్లుమని నవ్వింది.

వెళ్ళేముందు మామూలుగానే మూడుమాటల పరీక్ష. పాఠం మొదట్లో టీచరమ్మ మూడు మాటలు చెబుతుంది, చివర్లో అడుగుతుంది. మూడింటినీ కలిపి ఒక బొమ్మలా ఊహించుకోమంటుంది. తాళాలాయన ఆ రోజు చంద్రుణ్ణి రైలెక్కించి, చేతికి దువ్వెనిచ్చి కూర్చోబెట్టుకున్నాడు. అందుకని మూడూ తడుముకోకుండా చెప్పాడు. "చంద్రుడికి జుట్టెక్కడిదయ్యా?" అని మాస్టారు తగువు పెట్టుకున్నాడు గానీ, ఆయనకి మాత్రం రైలు దొరకలేదు.

తలుపు దగ్గర కూతురు నిలబడి ఉంది. కళ్ళజోళ్ళ దుకాణంలో పని ఆమెది, అద్దాలు చట్రాల్లో బిగిస్తుంది. తండ్రిని ఇంటి దగ్గర దింపి, దుకాణం తెరిచే వేళకి పరుగెత్తాలి.

"పొద్దున్న ఏం తిన్నారు తాతగారూ?" టీచరమ్మ ఊరికే అడిగింది.

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. తెల్లటిదేదో. గ్లాసు. వేడి.

"రొట్టె, పాలు," అంది కూతురు.

"నేనడిగింది మిమ్మల్ని కాదండీ," అంది టీచరమ్మ నవ్వుతూనే. "ఆయన మాట వెతుక్కుంటున్నప్పుడు మీరు అందించేస్తే, రేపటినుంచి వెతకడమే మానేస్తారు. ఆగండి. మరీ కష్టమైతే చిన్న ఆసరా ఇవ్వండి. జవాబు మాత్రం ఇవ్వకండి."

"ఆగడానికి టైమెక్కడుందండీ?" అంది కూతురు, తండ్రి చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ. ఆ చెయ్యి పట్టుకోవడంలో మాత్రం తొందరేమీ లేదు. మెట్టుమెట్టుకీ ఆగింది.

దారిలో ఆయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మడూ, నాకో తాళంచెవి కావాలి."

"దేనికి?"

"హోంవర్కు."

ఆమె నవ్వింది. నవ్వి, వెంటనే గంభీరమైపోయింది. "నాన్నా, ఆ రోజు ఏమైందో గుర్తుందా?"

"గుర్తుంది."

గుర్తుంది కాబట్టే కదా బాధ. పాలు పొయ్యిమీద పెట్టి, తలుపులు బార్లా తెరిచి, మేకులు కొనుక్కొద్దామని వెళ్ళినవాడు తన పాత దుకాణం అరుగుమీద కూర్చుండిపోయాడు. ఆ దుకాణం ఇప్పుడు ఫోన్లమ్మే కొట్టు. తెరుస్తారేమో, లోపలికెళ్ళి పనిచేసుకుందామని కూర్చున్నాడు. కూతురు చెప్పులైనా వేసుకోకుండా వీధులన్నీ తిరిగి ఆయన్ని పట్టుకుంది. తిట్టలేదు. పక్కన కూలబడి ఏడ్చింది. మర్నాటినుంచే బయట తాళం వేసి వెళ్ళడం మొదలుపెట్టింది.

"శుక్రవారం ఆఖరి క్లాసుగా. ఇంట్లోవాళ్ళనీ రమ్మన్నారు. టీచరమ్మ ఫర్వాలేదంటే ఇస్తాను," అంది.

"అంటే, పాసైతేనా?"

"పాసైతే."

"నీకు సైకిలు కొనడానికి నేనూ ఇలాగే అన్నాను."

"అన్నావు. ఫెయిలైనా కొన్నావు."

"మరి?"

"మరీ లేదు, గిరీ లేదు. నేను నీ అంత మంచిదాన్ని కాదులే," అని ఆయన చొక్కా కాలరు సర్ది, ఇంట్లోకి పంపి తలుపు వేసింది.

టక్. మళ్ళీ టక్. లోపలినుంచి వింటూ నిలబడ్డాడు ఆయన. రెండో చుట్టులో చిన్న గీరుడు. లోపల నూనె ఎండిపోయింది. ఆ తాళం ఆయన బిగించిందే. గడియ తీసుకుని వీధిలోకి పారిపోయే గడుగ్గాయి ఒకతి ఉండేది ఆ ఇంట్లో. దానికోసమే వెతికి వెతికి, లోపలినుంచి కూడా చెవి ఉంటేనే తెరుచుకునే తాళం తెచ్చి బిగించాడు. ఆ గడుగ్గాయే ఇప్పుడు బయటినుంచి లాగి చూసి, పడిందని నమ్మకం కుదిరాక వెళ్ళింది.

మర్నాడు కూతురు వెళ్ళాక, ఆయన మంచం కిందినుంచి రేకుడబ్బా లాగాడు. పాత పనిముట్లు. లోహం అరగదీసే ఆకురాళ్ళు, బిగించి పట్టే చిన్న వైసు, పట్టకారు, తీగముక్కలు. ఎంతో కాలంగా మూత తియ్యలేదు. అడుగున ఒక తాళంచెవి దొరికింది. ఇంకా పళ్ళు కొయ్యనిది. పొడుగ్గా, నున్నగా, ఏ తాళానికీ చెందకుండా ఉంది.

"నీకూ లేవు, నాకూ లేవు," అన్నాడు దానితో, బోసిగా నవ్వి.

తలుపు పక్కన గోడకి రెండు కొక్కేలున్నాయి. ఒకదానికి గొడుగు వేలాడుతోంది. రెండోది ఖాళీ. ఆయన ఆ పళ్ళులేని చెవి పట్టుకుని తలుపు దాకా వెళ్ళాడు. బయటినుంచి వచ్చినట్టు వెనక్కి తిరిగాడు. చెప్పులు విప్పినట్టు కాళ్ళు దులిపాడు. ఆ నటన చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి సరిపోయింది.

"వచ్చాను. తలుపు వేశాను. తాళం వేశాను. చెవి కొక్కేనికి పెట్టాను."

కాసేపాగి మళ్ళీ చేశాడు. టీచరమ్మ అలాగే చెప్పింది, మొదట వెంటవెంటనే, తర్వాత కొంచెం ఎడంగా, ఆ తర్వాత ఇంకా ఎడంగా. ఒకసారి మధ్యలో టీ పెట్టుకుని వచ్చి, చెవి ఎక్కడుందని తన్ను తనే ప్రశ్నించుకుని, చూడకుండా జవాబు చెప్పాడు. కొక్కేనికి. చూశాడు. కొక్కేనికే ఉంది. ఆ ఆనందంలో టీ చల్లారిపోయింది. ఇంకోసారి చెవి కనబడలేదు. గదులన్నీ వెతికాడు, పక్క దులిపాడు, కూతురి మీద లోలోపల విసుక్కున్నాడు కూడా. తీరా చూస్తే చేతిలోనే ఉంది.

"చేతిలో ఉంది," అని పైకి చెప్పుకున్నాడు, నిజాయితీగా.

బుధవారం తరగతినుంచి వచ్చాక, డబ్బా ఎదురుగా పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆకురాయి ఉంది, వైసు ఉంది, పళ్ళు కొయ్యని చెవి ఉంది. తాళం ఆయన బిగించిందే. అసలు చెవితో పనేముంది, ఒక వంచిన తీగముక్క చాలు. కళ్ళు మూసుకుని తెరిచే పని. కానీ ఆ వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. యజమాని నోరు తెరిచి అడగందే తాళం మీద చెయ్యి వెయ్యకూడదు. తలుపు బయట ఎంత పెద్దమనిషి నిలబడ్డా సరే, 'తియ్యి' అన్నది ఇంటివాళ్ళ నోటినుంచి రావాలి. అది తప్పితే తాళాలవాడికీ దొంగకీ తేడా ఏముంది? అందుకే ముట్టుకోవడం లేదని చెప్పుకున్నాడు. డబ్బా మూత వేశాడు. మూత మీద చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. వేళ్ళు కొంచెం వణుకుతున్నాయి. ఆయన వాటిని చూడదల్చుకోలేదు, చేతులు కట్టుకున్నాడు.

గురువారం సాయంత్రం వాన మొదలైంది. కూతురు వచ్చే వేళ దాటింది. ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధి చూస్తున్నాడు. అంతలో ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది, నెత్తిమీద ప్లాస్టిక్ సంచీ కప్పుకుని. గుమ్మం ముందు చూరు ఉందన్నమాటే గానీ, అది సగం మనిషినే కాపాడుతుంది.

సంచీ దులిపింది. చేతిసంచీ తెరిచింది. వెతికింది. కిందకి వంగి, సంచీలోవన్నీ మెట్టుమీద పోసి వెతికింది. ఆయనకి కిటికీలోంచి ఆమె మెడ వెనక భాగం, తడిసిన జుట్టు కనబడుతున్నాయి.

"నాన్నా," అంది లేచి, కిటికీ ఊచలు పట్టుకుని. మొహం పాలిపోయింది. "తాళాలు షాపులో మర్చిపోయాను."

ఆయన కుర్చీ కిటికీకి ఇంకా దగ్గరగా జరుపుకున్నాడు.

"అద్దం బిగిస్తూ బల్లమీద పెట్టాను. అక్కడే వదిలేశాను. ఓనరు షట్టరు దించేసి వెళ్ళిపోయాడు. ఫోనెత్తట్లేదు. నువ్వేం కంగారుపడకు నాన్నా, భయపడకు. నేనిక్కడే ఉన్నాగా."

భయపడింది ఎవరో చూస్తే తెలుస్తూనే ఉంది. ఆయన లేచి, తువ్వాలు తెచ్చి ఊచల్లోంచి ఇచ్చాడు. "ముందు తల తుడుచుకో."

ఆమె తల తుడుచుకుంటూ వీధి చివరకేసి చూసింది. "ఉండు. మార్కెట్టు దగ్గర ఎవడైనా తాళాలవాడు ఉంటాడేమో చూసి పిలుచుకొస్తా. పది నిమిషాలు."

అని వానలోకి రెండడుగులు వేసింది కూడా!

"అమ్మడూ."

"ఆఁ?"

"తాళాలవాడి కోసం అంత దూరం దేనికే?"

ఆమె ఆగిపోయింది. వాన నెత్తిమీద పడుతోంది, ఆ సంగతే తెలియనట్టు నిలబడింది. తర్వాత మెల్లగా వెనక్కి వచ్చి కిటికీలోంచి తండ్రిని చూసింది, చాలా రోజుల తర్వాత చూసినట్టు.

"నువ్వు తియ్యగలవా నాన్నా?"

"తియ్యమని అడుగుతున్నావా?"

"అదేం ప్రశ్న?"

"అడుగుతున్నావా లేదా చెప్పు."

"అడుగుతున్నాను. తలుపు తియ్యి నాన్నా."

ఆయన వెళ్ళి డబ్బా లాగాడు. తలుపు ముందు నేలమీద చతికిలబడ్డాడు. మోకాళ్ళు పటపటమన్నాయి. చెక్క తలుపుకి అవతల ఆమె కూడా కూర్చున్నట్టుంది, బట్టలు తలుపుకి రాసుకున్న చప్పుడైంది.

"పైకి చెప్పుకుంటూ చేస్తాను. నువ్వు మధ్యలో మాట్లాడకు."

"సరే."

"తీగ తీశాను. పట్టకారుతో కొస వంచాను. ఎక్కువ వంగింది. కొంచెం సాపు చేశాను. రెండో తీగ, లావుది, అది తిప్పడానికి. సన్నది లోపల పెట్టాను."

వెలుతురు తగ్గుతోంది. ఫర్వాలేదు, తాళం కళ్ళతో తీసేది కాదు. లోపల వరసగా చిన్న మీటలుంటాయి. ఒక్కొక్కటీ సరైన ఎత్తుకి లేస్తేనే గడియ కదులుతుంది. చెవికున్న పళ్ళు చేసే పని అదే. పళ్ళు లేనప్పుడు వేళ్ళు చెయ్యాలి.

"మొదటిది లేచింది. ఇది నీ అంత మొండిది, ఈ రెండోది. రా తల్లీ, రా. లేచింది. ఇప్పుడు..."

వీధిలో ఏదో బండి గట్టిగా హారను కొట్టుకుంటూ పోయింది. ఆయన తల అటు తిరిగింది. మళ్ళీ ఇటు తిప్పేసరికి అంతా తుడిచిపెట్టినట్టయింది. ఎదురుగా తలుపు ఉంది. తను నేలమీద ఉన్నాడు. చీకటి పడబోతోంది. ఎందుకు కూర్చున్నాడు? ఎవరింటి తలుపిది?

"అమ్మడూ, నేనేం చేస్తున్నాను?"

అవతల ఊపిరి గట్టిగా పీల్చిన చప్పుడు వినిపించింది. మాట నోటిదాకా వచ్చి ఉంటుంది. అందించడానికి ఎంతసేపు? కానీ అందించలేదు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతసేపు ఆమె ఊరుకోవడం ఆయన ఎరగడు.

"నాన్నా," అంది చివరికి, నెమ్మదిగా. "నీ చేతిలో ఏముంది?"

ఆయన చేతిలోకి చూసుకున్నాడు. వంచిన తీగ. దాని కొస తాళం రంధ్రంలోకి పోయి ఉంది. లావు తీగని ఎడమచెయ్యి అదిమిపట్టి వదలకుండా ఉంది. ఆయన వదిలేసినా, పాపం, ఆ చెయ్యి వదల్లేదు.

"తీగ ఉంది," అన్నాడు. "తాళం తీస్తున్నాను. రెండు లేచాయి. మూడోది. ఇదిగో. లేచింది. తిప్పుతున్నాను."

టక్. మళ్ళీ టక్, గీరుడుతో సహా.

తలుపు తెరుచుకుంది. ఆమె తువ్వాలు భుజాన వేసుకుని, నీళ్ళు కారుతూ గుమ్మంలో నిలబడింది. కింద కూర్చున్న తండ్రిని చూసింది. పట్టకారు చూసింది. తాళం చూసింది. చూస్తూ చూస్తూ ఉండగా ఆమె మొహం మారిపోయింది.

"అంటే, నువ్వు ఏ రోజైనా తీసుకుని వెళ్ళిపోగలవన్నమాట."

ఆయన తీగలు డబ్బాలో పెట్టుకుంటున్నాడు.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు తియ్యలేదు?"

"వేసింది నువ్వు. నువ్వడగాలి."

"ఇల్లు నీది నాన్నా!"

"ఇల్లు నాదే. తాళం నీది. యజమాని అడగందే తాళం ముట్టుకోనని నీకు తెలియదూ? దుకాణంలో నా పక్కన కూర్చుని పెరిగినదానివి."

ఆమె తడిబట్టలతోనే నేలమీద కూలబడింది. "నిప్పంటుకుంటే ఏం చేసేవాడివి? నేనేం చేశాను? ఎక్కడికో పోతావేమోనన్న భయంలో, లోపల పడేసి తాళం వేసుకుపోయాను. ఇంకెవరైనా ఇలా చేశారంటే వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని."

"భయపడ్డావు. తప్పేం లేదు." ఆయన మూత వెయ్యబోయి ఆగాడు. "నేను చెప్పింది కూడా సగమే అమ్మడూ. యజమాని, కట్టుబాటు, అవన్నీ నిజమే. కానీ నాకూ భయమేసింది. తియ్యబోయి తియ్యలేకపోతేనో? వేళ్ళు కూడా మర్చిపోయి ఉంటేనో? ముట్టుకోకపోతే, కావాలంటే తియ్యగలనులే అనుకుంటూ బతికెయ్యచ్చు. అలా బతికేశాను."

ఆమె ఆయన వేళ్ళు తీసుకుని తన తడి చేతుల్లో పెట్టుకుంది.  కాసేపటికి ఆయనే అన్నాడు, "లేవవే, జలుబు చేస్తుంది. టీ పెడతాను. పెడుతూ చెబుతాను, విను." ఆమె ఏడుస్తూ నవ్వింది. ఆయన పొయ్యి వెలిగించాననీ, గిన్నె పెట్టాననీ, చక్కెర వేశాననీ వంటింట్లోంచి కేకలు పెడుతుంటే, తల తుడుచుకుంటూ అన్నిటికీ ఊఁ కొట్టింది. చక్కెర రెండుసార్లు వేశాడు. రెండుసార్లూ ఊఁ కొట్టింది.

శుక్రవారం తెల్లవారగానే ఆమె ఓనరింటికి వెళ్ళి, దుకాణం తెరిపించి, గుత్తి తెచ్చుకుంది. వస్తూనే, కొక్కేనికున్న పళ్ళులేని చెవి తీసి తండ్రి ముందు పెట్టింది.

"దీనికి పళ్ళు పెడదాం."

వైసు బల్ల అంచుకి బిగించారు. కూతురి తాళంచెవికి కొవ్వొత్తి మసి పట్టించి, రెండింటినీ జోడించి గుర్తు పెట్టాడు ఆయన. ఆకురాయి ఆమె పట్టింది. కళ్ళజోళ్ళ చీలలు తిప్పే చేతులు కదా, తొందరపడలేదు. ఆయన బొటనవేలితో తడిమి "ఇంకొంచెం" అన్నాడు, "ఆగు" అన్నాడు, "చాలు చాలు, తాళంచెవి అనుకున్నావా, రంపం అనుకున్నావా?" అని కసిరాడు. ఆ కసురు విని ఎన్నాళ్ళయిందో. ఇత్తడి పొడి బల్లమీద పడుతుంటే ఆమె దాన్ని ఊదెయ్యకుండా వేలితో కుప్పగా తోసింది. ఆఖర్న తాళానికి నూనె పోసి, కొత్త చెవి పెట్టి తిప్పారు. గీరుడు కూడా పోయింది.

తరగతిలో టీచరమ్మ తాళంచెవులు తియ్యమనగానే ఆయన అందరికన్నా ముందు పెట్టాడు. కొత్తగా కోసిన పళ్ళు మెరిశాయి.

"ఏమయ్యా, ఇవాళ మర్చిపోలేదా?" అన్నాడు మాస్టారు.

"ఇవాళ మర్చిపోవడం మర్చిపోయానండీ."

పాఠం మొదట్లో మూడు మాటలు చెప్పింది టీచరమ్మ. అద్దం, గొడుగు, నిచ్చెన. తర్వాత ఆ వారం ఎవరెవరు ఏం చేశారో అడిగింది. కూతురు తనంతట తానే లేచి, తాళం వేసి వెళ్ళిన సంగతి అందరి ముందూ చెప్పింది. టీచరమ్మ నొచ్చుకుంది, కోప్పడలేదు. ఆయన బయటికెళ్ళే ముందు కూతురికి ఫోను చెయ్యాలనీ, చొక్కా జేబులో ఇంటి చిరునామా కార్డు ఉంచుకోవాలనీ చెప్పింది. ఆయన గొణుగుతూనే ఒప్పుకున్నాడు.

చివర్లో ఆయన వంతు వచ్చింది.

"అద్దం," అన్నాడు. "నిచ్చెన."

అక్కడ ఆగిపోయింది. నిచ్చెన ఎక్కి అద్దంలో మొహం చూసుకుంటున్న మాస్టారు కనబడుతున్నాడు. ఆయన చేతిలో ఏదో ఉంది. ఏదో పట్టుకున్నాడు. అదేమిటో ఎంతకీ తెలియడంలేదు. పక్కన కూతురు నోరు తెరిచింది. మూసుకుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది, అవెక్కడ సైగ చేస్తాయోనని.

"ఫర్వాలేదు తాతగారూ," అంది టీచరమ్మ. "తొందరేం లేదు. దానంతట అదే వస్తుంది."

రాలేదు. గది ఖాళీ అయ్యేదాకా రాలేదు. ఆసుపత్రి మెట్లు దిగాక ఆయన ఆగి, జేబులోంచి తాళంచెవి తీసి కూతురి ముందు చాపాడు.

"ఫెయిలయ్యాను. తీసుకో."

ఆమె ఆ చెవి ముట్టుకోలేదు. ఆయన వేళ్ళు ఒక్కొక్కటే దానిమీదికి మూసింది. "నేను ఫెయిలైనా నువ్వు సైకిలు కొన్నావుగా," అంది.

ఆయన ఏదో హాస్యమాడదామనుకున్నాడు. ఆ మాట పక్కన పెట్టి, చెవి జేబులో వేసుకున్నాడు.

శనివారం ఉదయం ఆమె పనికి బయల్దేరింది. చెప్పులు వేసుకుని, గుమ్మం దాటి, తలుపు దగ్గరికి లాగింది. ఆయన అలవాటుకొద్దీ టక్ కోసం చూశాడు. టక్ లేదు.

"నాన్నా, తాళం వేసుకో," అని బయటినుంచి వినిపించింది.

ఆయన లేచి, చెవి పెట్టి తిప్పాడు. "తాళం వేశాను. చెవి కొక్కేనికి పెట్టాను."

"విన్నాను."

అప్పుడు కదిలాయి అడుగులు. ఆయన కొక్కెం దగ్గరే నిలబడ్డాడు, కాసేపు దాన్ని చూసుకుందామని. పక్క కొక్కేనికి గొడుగు వేలాడుతోంది. కిటికీలోంచి చూస్తే ఆకాశం నల్లగా ఉంది. మొన్న తడిసి ముద్దయినా బుద్ధి రాలేదు అమ్మడికి!

"గొడుగు తీశాను," అన్నాడు. "చెవి తీశాను. తాళం తీశాను. బయటికొచ్చాను. తాళం వేశాను." అని గబగబా నడిచాడు. మలుపు దగ్గర కూతుర్ని అందుకున్నాడు.

"నాన్నా! తలుపు?"

ఆయన రొప్పుతూ పిడికిలి విప్పాడు. అరచేతిలో తాళంచెవి. "ఫోను చేసేలోగా నువ్వు బస్సెక్కేస్తావని వచ్చేశాను. ఇదిగో, పట్టు."

ఆమె ఆయన రెండో చేతిలోంచి గొడుగు అందుకుంది. చేతిలో ఉన్నదాన్ని చూసింది, తండ్రిని చూసింది. పెదాలు బిగబట్టింది. అయినా నవ్వు ఆగలేదు.

"ఏంటే?"

"ఏం లేదు."

"చెప్పవే."

"చెప్పను. నువ్వే చెప్తావు," అని ఆయన చొక్కా కాలరు సర్దింది. "ఇంటికెళ్ళు నాన్నా. జాగ్రత్త."

పెద్దంతరం చిన్నంతరం లేకుండా పోయింది ఈ పిల్లకి అని గొణుక్కుంటూ ఆయన వెనక్కి నడిచాడు. దేనికి నవ్వింది? చొక్కా తిరగేసి తొడుక్కున్నానా? చూసుకున్నాడు, సరిగ్గానే ఉంది. గుమ్మం ఎక్కాడు. చెవి తాళంలో పెట్టాడు. పళ్ళు వెళ్ళి మీటలకి ఆనడం వేళ్ళకి తెలిసింది. నిచ్చెన మీద మాస్టారు, అద్దం ముందు మాస్టారు. మాస్టారి చేతిలో ఉన్నది అప్పుడు విప్పుకుంది.

ఆయన చెవి అలాగే వదిలేసి వీధిలోకి తిరిగాడు.

"గొడుగు!"

ఆ కేకకి ఎదురింటి కిటికీ తెరుచుకుంది. సైకిలు మీద పోతున్నవాడు కాలు దించాడు. మలుపు దగ్గర కూతురు ఇంకా అక్కడే ఉంది. బస్సు వెళ్ళిపోయింది, ఎక్కలేదు. ఇటే చూస్తూ ఉంది. చెయ్యెత్తి ఆ గొడుగుని, వాన ఇంకా మొదలవకపోయినా, తెరిచి ఊపింది.

ఆయన కూడా చెయ్యి ఊపి, తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాడు.